చూపుల ఆవు, ఈతల ఆవు

మా మందకి ఒక ఒంగోలు ఆవును కొందామని బావా నేనూ బయల్దేరాం. మధిర నుంచి బెజవాడకి ఇద్దరి రైలు టిక్కెట్లకి అయిన దానికి అయిదారు రెట్లు అడిగాడు గుంటూరు బస్టాండు దగ్గర ఆటో అతను, తాడికొండ అడ్డరోడ్డు దాటి కాస్త లోపలికి పోవడానికి. ఎండను చూపించి మరీ అడిగాడు. బావ బేరమాడుతుంటే పక్క ఆటోలవాళ్ళు నవ్వారు. చేసేదేముంది, ఎక్కాం. లాం ఫారం రాగానే బావ దిగుదామన్నాడు. పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళు ఒంగోలు జాతి మీద పనిచేసే చోటది. తిరిగొచ్చేప్పుడు చూద్దామన్నాను. తిరిగొచ్చేసరికి చీకటి పడింది.

రైతు కొట్టంలోంచి ముందు తోలుకొచ్చిన ఆవును చూసి బావ అక్కడే పడిపోయాడు. ముట్టె, కనురెప్పలు, తోక కుచ్చు నలుపు. మిగతా ఒళ్ళంతా తెలుపు. గంగడోలు మడతలు మడతలుగా ఊగుతోంది. సుడులు కూడా వెతికి, ఒక్క దోషం లేదని తేల్చేశాడు. రైతు ఊపందుకున్నాడు.

"బ్రెజిల్‌కి పోయింది ఈ జాతేనండీ! కరవది ఆబోతు గురించి వినలేదా?"

వినకేం. ఒంగోలు దగ్గరి కరవది ఊరి నుంచి 1960ల్లో వెళ్ళింది. అక్కడ ఈ జాతిని నెలోర్ అంటారు. నమోదైన పశువుకి తల్లెవరో, తండ్రెవరో, ఎప్పుడు పుట్టిందో రాసి పెట్టుకుంటారు. మరి దీని తేదీలేవండీ అంటే, పశువు కళ్ళెదుట ఉండగా తేదీలెందుకన్నాడు.

పక్క రాట దగ్గర ఒక చామనచాయ ఆవును పితుకుతోంది వాళ్ళమ్మ. తల తిప్పకుండానే అంది: "అందం కాదబ్బాయ్, ఈతలడుగు. ఆ తెల్లది మా కొట్టంలోనే పుట్టింది. తొమ్మిదేళ్ళు నిండినా మూడు ఈతలే. ఇదేమో పోయినేడు సంక్రాంతికి ఈనిందా, మళ్ళీ మొన్న ఉగాదికి ఈనింది." కొడుకు ముఖం మాడింది.

పద్నాలుగు నెలల చిల్లర. తొమ్మిది నెలలకు పైగా చూడి మోయడానికే పోతుంది కాబట్టి, ఈనిన అయిదు నెలలకి అటూ ఇటుగానే మళ్ళీ చూడి కట్టిందన్నమాట. ఒంగోలు ఆవుకిది మంచి లెక్క.

మూపురం చిన్నదని బావ గొణిగాడు. మేం కొనేది ఇంటి ముందు అందానికయితే ఆ గొణుగుడు నేనూ వినేవాణ్ణి. జాతిని పెంచే విత్తనపు మందకి కొంటున్నాం. ఆవు ఏడాదికి మహా అయితే ఒక్క దూడను ఇస్తుంది గానీ, దాని కోడె ఆబోతయితే వందల దూడలకి తండ్రవుతుంది. తల్లి ఆలస్యంగా ఎదకొచ్చే రకమయితే ఆ గుణం ఊళ్ళకి ఊళ్ళు పాకుతుంది.

దూడ మూతి పెడితే గాని చేపదట. పెయ్యను ముందుకాలికి కట్టి పితుకుతోంది. పొదుగువాపు ఉందేమోనని నేనడిగితే నాలుగు చన్నుల నుంచీ తలొక ధార నల్ల పళ్ళెంలో పిండి చూపించింది. తరకలు లేవు, నీళ్ళగా లేవు. పితకడం అయ్యాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడింది. పిండాక కూడా బిర్రుగానే ఉందంటే అది కండ, పాలు కాదు. బురదలో నడిపించాం. వెనక గిట్ట ముందు గిట్ట అచ్చులోనే పడుతోంది. నోరు తెరిస్తే పళ్ళన్నీ వచ్చేసి ఉన్నాయి. నాలుగేళ్ళేనని రైతు నోరు జారబోయి ఆగాడు. బండలాగుడు పందేల్లో పళ్ళను బట్టి వయసు కట్టి రెండు పళ్ళ జతలు, నాలుగు పళ్ళ జతలు అని విడదీసే సీమలో పళ్ళ దగ్గర అబద్ధం నడవదు.

తెల్లదానికి లక్షన్నర, దీనికి ఎనభై వేలు అన్న మనిషి, మేమిటు తిరగ్గానే దీన్ని లక్షా పది చేశాడు. తొంభై అయిదుకి తెగింది. చూడి పోగొట్టే ఈసుడు రోగానికి (బ్రూసెల్లోసిస్) రక్తపరీక్ష చేయించాలనేసరికి మళ్ళీ రుసరుసలాడాడు, మా పశువుల్ని అనుమానిస్తారా అని. వాళ్ళమ్మే, "చేయించుకోనీరా, నీ సొమ్మేం పోతుంది" అని నోరు మూయించింది. అయిదు వేలు బయానా ఇచ్చాం. మిగతాది పరీక్ష ఫలితం వచ్చాక. పెయ్య కూడా తల్లితోనే వస్తుంది. పలుపు మాత్రం ఇవ్వరట, మేమే తెచ్చుకోవాలి.