ఇంకో సెలైన్ బాటిల్ పెట్టే ముందు

రాత్రి రెండున్నరకి వేరే ఆసుపత్రి నుంచి ఒకామెను తీసుకొచ్చారు. బీపీ 70/40, కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయి, ఆయాసం. రెండు వారాలుగా జ్వరం కాబట్టి అక్కడ సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ఒళ్లంతటినీ దెబ్బతీయడం) అనుకున్నారు, రెండు లీటర్ల సెలైన్ ఎక్కించి బీపీ పెంచే నోరాడ్రినలిన్ పెట్టి పంపారు. కాగితాలు మాత్రమే చూసుంటే నేనూ అదే అనుకునేదాన్ని. ఎకో (గుండె అల్ట్రాసౌండ్) ప్రోబ్ పెట్టగానే తెర మీద గుండె చుట్టూ నల్లగా నీరు, ఆ ఒత్తిడికి కుడి వెంట్రికిల్ (గుండె కింది గది) నిండాల్సిన సమయంలోనే లోపలికి అణిగిపోతోంది, ఐవీసీ (కింది శరీరం నుంచి గుండెకి రక్తం తెచ్చే పెద్ద సిర) ఉబ్బిపోయి ఊపిరి పీల్చినా సన్నబడటం లేదు. టాంపొనేడ్, అంటే చుట్టూ చేరిన నీరు గుండెని నొక్కేయడం. సూదితో ఆ నీరు 60 ఎం.ఎల్. తీసేసరికే బీపీ 100 దాటింది. నీరు టీబీ పరీక్షకి పంపాం, మన దగ్గర ముందు అనుమానించాల్సింది అదే.

షాక్‌లో, అంటే అవయవాలకి రక్తం సరిగా అందని స్థితిలో, మానిటర్ మీద అందరి బీపీ ఒకేలా తక్కువగా కనిపిస్తుంది, కారణాలు మాత్రం వేరు. రక్తం పోయి గుండెకి నింపుకోవడానికి ఏమీ లేకపోవచ్చు, హార్ట్ ఎటాక్ వచ్చి గుండె పిండలేకపోవచ్చు, ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి కుడి వెంట్రికిల్ ఎడమదాని కంటే పెద్దగా ఉబ్బి ఉండొచ్చు, సెప్సిస్‌లో రక్తనాళాలు వదులైపోయి ఉండొచ్చు. మొదటివాళ్లని బతికించే సెలైనే రెండోవాళ్ల ఊపిరితిత్తుల్ని నీటితో నింపేస్తుంది. అందుకే ఎకోతో చూడకుండా గుడ్డిగా బాటిల్ మీద బాటిల్ పెడుతుంటే నాకు భయమేస్తుంది.

డెంగీ సీజన్లో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. ప్లాస్మా (రక్తంలోని నీటి భాగం) రక్తనాళాల్లోంచి లీకయ్యే రోజు ఎడమ వెంట్రికిల్ గోడలు దాదాపు తాకుతుంటాయి, ఐవీసీ చదునుగా ఉంటుంది, సెలైన్ కావాలి. ఒకట్రెండు రోజులకి ఆ నీరు తిరిగి రక్తంలోకి వస్తుంది, అప్పుడూ నిన్నటి ఆర్డరే నడుస్తుంటే పేషెంట్ ఆయాసంతో మునిగిపోతాడు. కాబట్టి ఎకోతో ఒక్కసారి చూసి వదిలేయకూడదు, మందు మార్చిన ప్రతిసారీ చూడాలి. వెంటిలేటర్ మీద ఉంటే ఐవీసీ ఒక్కదాన్నే నమ్మకూడదు, గుండె వాల్వ్ పాడైందన్న అనుమానం వస్తే కార్డియాలజిస్ట్‌ని పిలవాల్సిందే.

నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట అల్ట్రాసౌండ్ మెషిన్ రాత్రి తాళం వేసిన గదిలో ఉండేది. 1994 లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద ప్రతి మెషిన్ రిజిస్టర్ కావాలి, ఆ చట్టం మనకి చాలా అవసరం, కానీ తాళంచెవి వచ్చేలోపు పేషెంట్ ఆగడు కదా. ఇప్పుడు రిజిస్ట్రేషన్ చేయించిన మెషిన్ ఒకటి మా ఐసీయూలోనే, ఐదో బెడ్ పక్కన, ఎప్పుడూ చార్జింగ్‌లో ఉంటుంది.