వెనక ఎల్‌ఎస్‌డి ఉందన్నాడు, సరే చూద్దాం

పాత బండ్లు అమ్మేవాళ్లకు ఈమధ్య ఒక మాట దొరికింది: "వెనక ఎల్‌ఎస్‌డి ఉంది సార్." ఎల్‌ఎస్‌డి అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, బురదలో ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా పట్టి ఉంచే ఇరుసులోని గేర్ల అమరిక. కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లకు ఆ మాట చెవిన పడితే చాలు, ధర కాస్త ఎక్కువైనా పర్లేదనిపిస్తుంది. మా బాబాయి కొడుకు ఒంగోలులో అలాంటి పాత జీపు ఒకటి చూసుకుని, "అన్నా, నువ్వోసారి రా" అంటే వెళ్లాను.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి. అందుకు వీలివ్వడమే డిఫరెన్షియల్ పని. మామూలుది రోడ్డు మీద చక్కగా పనిచేస్తుంది, బురదలోనే తంటా. అది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. జారుడులో పడ్డ చక్రం తిరగడానికి కొంచెం బలం చాలు కదా, గట్టి నేల మీదున్న రెండోదానికీ అంతే అందుతుంది. వానకు తడిసిన నల్లరేగడిలో ఒకటి గిర్రున తిరిగి, రెండోది కదలనిది ఇందుకే. క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్‌లో ఆ ప్లేట్లు రెండు చక్రాల వేగంలో తేడాను కొంత బిగబడతాయి.

ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టించి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలిపాం. ఒట్టి జాకీని నమ్మకండి. హ్యాండ్ బ్రేక్ దించి, ఇంజన్ ఆపి, గేర్లో పెట్టి ఒక చక్రాన్ని చేత్తో తిప్పాలి. మామూలుదైతే రెండోది ఎదురు దిక్కుకు తిరుగుతుంది. క్లచ్ ప్లేట్లదైతే చేతికి మొరాయిస్తుంది, న్యూట్రల్ చేస్తే రెండూ ఒకే వైపు తిరుగుతాయి.

మేం చూసిన జీపులో రెండో చక్రం ఎదురు దిక్కుకే తిరిగింది. "చేత్తో తిప్పితే తెలియదు సార్" అన్నాడు అమ్మేవాడు. తప్పించుకోడానికే అన్నా, అందులో సగం నిజముంది. ప్లేట్లు అరిగిపోయిన ఎల్‌ఎస్‌డి కూడా ఇలాగే తిరుగుతుంది. ప్లేట్లు లేకుండా గేర్లతోనే పనిచేసే టోర్సెన్ లాంటి రకమూ అంతే. థార్‌లో వచ్చే మెకానికల్ లాకర్ (రెండు చక్రాలనూ కలిపి బిగించేసేది) అయితే రెండు చక్రాల వేగానికి నిమిషానికి సుమారు 100 చుట్ల తేడా వస్తే గానీ పట్టుకోదు, చేతికి ఎక్కడ దొరుకుతుంది? అలాగని చక్రాలు లేపి ఇంజన్ నడిపి చూడబోకండి. ఒక్క చక్రమే లేచి ఉంటే, నేల మీదున్న రెండోది బండిని స్టాండు మీంచి లాక్కుపోగలదు.

ఆయిల్ దించి, డిఫరెన్షియల్ లోపలి గేర్లను కళ్లతో చూస్తే సందేహం ఉండదు. సైడ్ గేర్ల (చక్రాల ఇరుసులకు తగిలే గేర్ల) వెనక ప్లేట్ల కట్ట కనిపిస్తే క్లచ్ రకం ఎల్‌ఎస్‌డి. విప్పుతామంటే ఆయన ఒప్పుకోలేదు.

"మామూలు బండి ధరకే అడుగు, కాదంటే వదిలెయ్" అన్నాను మావాడితో. బేరం ఇంకా తెగలేదు. కుదిరితే మిగిలిన డబ్బు వెనక మడ్ టైర్లకు పెట్టమన్నాను.