పొగాకు గోదాం మేడ: మూడో నెల పని

ఒంగోలులో మా తాతగారి పొగాకు గోదాం మీది అంతస్తును ఇల్లుగా మార్చే పని మూడో నెలలో పడింది. 42 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, ఒకటే గది. ఇనుప గిర్డర్ల మీద టేకు దూలాలు, వాటి పైన ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టిన మద్రాసు మిద్దె. ఫాల్స్ సీలింగ్ వేయమన్న బంధువుల మాట వినలేదు.

ఈ నెలంతా తూర్పు గోడకే సరిపోయింది. సున్నపు గోడ మీద ఎవరో ఎప్పుడో సిమెంటు పూశారు. చెమ్మ బయటికి పోయే దారి లేక చవుడు పట్టి, ఇటుక లోపలే పిండవుతోంది. ఉలిని ఏటవాలుగా పట్టి కొడితే పూత పెచ్చులుగా ఊడుతుంది. నిటారుగా కొడితే ఇటుక ముఖం కూడా రాలిపోతుంది. మొదటి రోజు నా చేతిలో 11 ఇటుకలు పాడయ్యాయి. మేస్త్రీ కోప్పడలేదు, “మీరు నీళ్లు చల్లండి బాబూ” అన్నాడు. చల్లగానే గోడలోంచి పొగాకు వాసన గుప్పుమంది. గోదాం మూసి ఇరవై ఏళ్లు దాటింది. అమ్మ కాసేపు కిటికీ ఊచలు పట్టుకుని అక్కడే నిలబడింది.

సందులు నింపడానికి ఒక పాలు సున్నం, మూడు పాళ్లు జల్లించిన ఇసుక. సున్నాన్ని నెల ముందే నానబెట్టాం, మీగడలా వచ్చింది. గుప్పెడు సిమెంటు కలిపితే త్వరగా గట్టిపడుతుందని మేస్త్రీ ఆరు బస్తాలు తెప్పించాడు. ఒప్పుకోలేదు. నింపాక వారం పాటు తడి గోనెపట్టాలు కప్పాం.

గిర్డర్లకు వైర్ బ్రష్, తర్వాత జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్. తుప్పు గీకిన రోజే ప్రైమర్ పడాలి. కొత్తపట్నం వైపు నుంచి వీచే సముద్రపు గాలికి తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది.

వంటగట్టుకు బంగారు చుక్కలున్న నల్లటి చీమకుర్తి గెలాక్సీ రాతి ముక్కలు తెచ్చాం. గ్రానైట్ అని పిలుస్తాం గానీ అది గాబ్రో జాతి రాయి, ఆ బంగారు చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. అద్దంలా మెరిసే పాలిష్ వద్దని లెదర్ ఫినిష్ చేయించాను. చుక్కలు కాస్త మందగించాయి, అయినా ఈ గోడ పక్కన అదే బాగుంది.

మధ్య గిర్డరుకు పొగాకు బేళ్లు తూచిన కొక్కెం ఇంకా ఉంది. దీపం పెడదామని నేను, ఉయ్యాలబల్ల కావాలని అమ్మ. బరువు ఆగుతుందో లేదో చూద్దామని మిగిలిపోయిన ఆ ఆరు సిమెంటు బస్తాలను దానికే వేలాడదీశాం. ఇవాళ్టికి రెండో రోజు.