నా టేకు గిటార్‌కి బ్రిడ్జ్ పికప్ కుదిరేదాకా

తలుపుల పనిలో మిగిలిన టేకు చెక్కతో స్ట్రాటోకాస్టర్ (ఫెండర్ వాళ్ల ఎలక్ట్రిక్ గిటార్ మోడల్, పొట్టిగా స్ట్రాట్) ఆకారంలో ఒక గిటార్ చేసుకున్నాను. నెక్, అంటే పొడవాటి మెడ, మాత్రం కొన్నదే. మూడూ సింగిల్ కాయిల్ పికప్‌లు, అంటే తీగల ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చే, ఒకే రాగి చుట్టు ఉన్న అయస్కాంతపు ముక్కలు. నెక్ పికప్ మీద వాయిస్తే హాయిగా ఉండేది. స్విచ్ బ్రిడ్జ్ (తీగల కింది చివర ఆనే చోటు) దగ్గరి పికప్ వైపు తిప్పానంటే చాలు, పలక మీద మేకుతో గీసినట్టుండేది. "ఆ గీరుడు ఆపండి బాబూ" అని పక్క గదిలోంచి మా ఆవిడ.

నిజానికి తప్పంతా పికప్‌ది కాదు. బ్రిడ్జ్ దగ్గర తీగ ఊగేది తక్కువ. అసలు స్వరం అక్కడ బలహీనపడి, పై హార్మోనిక్స్ (స్వరంతో పాటు మోగే సన్నటి పై స్వరాలు) ముందుకొస్తాయి. పైగా పాత పద్ధతి స్ట్రాట్ వైరింగ్‌లో బ్రిడ్జ్‌కి టోన్ నాబే (ట్రెబుల్ తగ్గించే మీట) ఉండదు. అందుకే ముందు ఖర్చు లేని పనులు చేశాను. స్విచ్ మీద అంగుళం వైరు ముక్క టంకం వేసి రెండో టోన్ నాబ్‌ని బ్రిడ్జ్‌కీ కలిపాను. పికప్‌ని కాస్త కిందికి దించాను. గీరుడు తగ్గింది కానీ ముక్కు దిబ్బడేసిన గొంతులా తయారైంది.

ఇక పికప్ మార్చాల్సిందే. కాయిల్ రెసిస్టెన్స్ (ఓమ్‌లలో కొలిచే నిరోధం) ఎక్కువుంటే సౌండ్ వెచ్చగా వస్తుందనుకుని, అదే గాడిలో పట్టే 14 కిలో ఓమ్‌ల సెరామిక్ అయస్కాంతపు పికప్ కొన్నాను. వెచ్చదనం రాలేదు, అరుపు వచ్చింది. ఓమ్‌లు చెప్పేది లోపలి రాగి తీగ పొడవు, సన్నదనం గురించే. అయస్కాంతం సంగతి వాటికి తెలియదు. ఆ డబ్బులు బూడిదలో పోసినట్టే.

రెండోసారి అయస్కాంతం చూసి కొన్నాను: సేమూర్ డంకన్ వాళ్ల ఆల్నికో 2 (ఒక రకం అయస్కాంతం) హంబకర్, సుమారు 8 కిలో ఓమ్‌లు. హంబకర్ అంటే రెండు కాయిల్‌లతో హమ్‌ని, అంటే కరెంటు రొదని, రద్దుచేసే పికప్. ఆల్నికో 5 కన్నా దీని లాగుడు తక్కువ, ట్రెబుల్ మెత్తగా ఉంటుంది. హంబకర్‌కి 500 కిలో ఓమ్‌ల వాల్యూమ్ పాట్ (నాబ్ కింది నియంత్రణ భాగం) వేయాలంటారు. నేను ఉన్న 250నే ఉంచేశాను, పై అంచు ఇంకాస్త అణుగుతుందని. గాడి వెడల్పు చేయడానికే ఒక ఆదివారం పోయింది. టేకు ఉలికి అంత తేలిగ్గా లొంగదు.

బిగించి వాయిస్తే... మళ్లీ పల్చటి సౌండ్, దానికి తోడు గుయ్యిమని హమ్! హంబకర్‌కి హమ్మేంటని టెన్షన్. జాక్ దగ్గర మల్టీమీటర్ పెడితే 4 కిలో ఓమ్‌లు చూపించింది, అంటే సగం. అప్పుడు వెలిగింది. నేను చూసి కలిపింది డిమార్జియో అనే ఇంకో పికప్ కంపెనీ వైర్ల రంగుల పటం. అందులో హాట్, అంటే సిగ్నల్ వైరు, ఎరుపు, నలుపూ తెలుపూ కలిపెయ్యాలి. డంకన్‌లో హాట్ నలుపు, కలపాల్సింది ఎరుపూ తెలుపూ. నలుపూ తెలుపూ ఒకే కాయిల్‌కి రెండు కొసలు కావడంతో ఆ కాయిల్‌ని నేనే షార్ట్ చేసి పడుకోబెట్టాను. టంకం ఊడదీసి సరిగ్గా కలిపేసరికి మీటర్ 8కి దగ్గరగా వచ్చింది, హమ్ పోయింది, మిడ్స్‌లో (మధ్య స్థాయి స్వరాల్లో) కండ పట్టింది.

ఇప్పుడు టోన్ నాబ్ 8 దగ్గర ఉంచుతున్నాను. మందపు తీగ వైపు పికప్‌ని రవ్వంత దించి పెట్టాను, లేకపోతే బేస్ ముద్దయిపోతోంది. పిక్‌గార్డ్ (గిటార్ ముందు భాగపు ప్లాస్టిక్ పలక) కోసేటప్పుడు ఒక మూల వంకర పోయింది గానీ, హంబకర్ రింగు దాన్ని దాచేసింది.