రేటింగ్ కోసం వెళ్లి బిషప్ పోగొట్టుకున్నా

నలభై ఒకటో ఏట ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్, అంటే ఆట బలాన్ని చెప్పే అంకె, ఇచ్చే టోర్నీ ఆడతానంటే ఇంట్లో అందరూ నవ్వారు. కర్నూలులోనే కదా, బస్సు ఛార్జీ కూడా దండగ లేదని పేరిచ్చేశా. ముందు ఆలిండియా చెస్ ఫెడరేషన్‌లో రిజిస్టర్ అవ్వాలి, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

మొదటి రౌండులో ఎదురుగా పదేళ్ల పిల్లాడు, కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకి అందట్లేదు. నావి నల్లపావులు. వాడు బంటుని ఈ4 గడికి (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస) తోయగానే నాలుగు నెలలుగా నేర్చుకుంటున్న కారో-కాన్ అనే ఓపెనింగ్ మొదలుపెట్టా: సీ6, డీ4 డీ5, ఈ5, బిషప్ ఎఫ్5 (మా తాత శకటు అనేవాడు, ఇప్పుడు అలా ఎవరంటున్నారు). నాలుగో ఎత్తుకి వాడు హెచ్4 తోశాడు. అంచు బంటుతో ఏం చేస్తాడులే, పిల్లాడు కదా అనుకుని అలవాటుగా ఈ6 ఆడేశా. వెంటనే జీ4. బిషప్ ఈ4కి పోయింది, ఎఫ్3తో తరిమాడు, జీ6కి వచ్చింది, హెచ్5! ఇక పోవడానికి గడి లేదు. ఏడు ఎత్తులకే పావు పోయింది. ఆ టెన్షన్‌లో గడియారం నొక్కడం కూడా మర్చిపోతే "అంకుల్, క్లాక్" అని వాడే గుర్తుచేశాడు.

ఓడిపోయి బయటికొస్తే ఆ పిల్లాడు వాళ్ల నాన్న బైక్ ఎక్కుతూ "అక్కడ హెచ్5 ఆడాలంకుల్" అన్నాడు. నిజమే, నాలుగో ఎత్తులో ఈ6 బదులు వాడి బంటుని నా బంటుతో ఆపేస్తే, జీ4 తోసినా కొట్టేయొచ్చు. హెచ్6 ఆడినా బిషప్‌కి హెచ్7 దొరుకుతుంది కానీ, తెల్లపావులవాడు ఈ6 అని బంటు బలిచ్చాడంటే మన ఆట బిగుసుకుపోతుంది.

నాలుగో రౌండులో మళ్లీ అదే హెచ్4 వచ్చింది, ఈసారి ఇంజనీరింగ్ కుర్రాడు. హెచ్5 ఆడా. బిషప్ డీ3 అన్నాడు, బిషప్‌కి బిషప్ మార్చేసుకున్నా, పీడ వదిలింది. ఈ6, క్వీన్ బీ6, తర్వాత సీ5. గడియారంలో ఎత్తుకి ముప్పై సెకన్లు కలుస్తాయి కాబట్టి చివరిదాకా ప్రతి ఎత్తూ రాయాలి, చెయ్యి నొప్పి పుట్టింది. అరవై ఎత్తులు దాటాక రాజు, బంట్లే మిగిలిన ఆటలో గెలిచా.

రేటింగ్ మాత్రం రాలేదు. రేటింగ్ ఉన్నవాళ్లతో కనీసం ఐదు ఆటలుండాలి, 2024 మార్చి నుంచి 1400 కంటే తక్కువైతే జాబితాలోనే ఉండదు. నాకు తగిలినవాళ్లలో ముగ్గురికే రేటింగ్ ఉంది, అందులో ఆ పిల్లాడొకడు. 26 నెలల్లోపు ఆడినవి కలుపుతారట, ఇంకో రెండు చాలు. అనంతపురంలో టోర్నీ పడితే ఆఫీసులో సెలవు ఎలా అడగాలా అని చూస్తున్నా.