ఐస్ పుల్లల బ్రిడ్జి: ఐదోది కూడా అక్కడే విరిగింది

నిన్న ఆదివారం ఐదో బ్రిడ్జి పోయింది. 41.5 కిలోల దగ్గర. మళ్లీ టాప్ కార్డ్ (పై అంచు పొడవునా సాగే దూలం), మళ్లీ నాలుగో ప్యానెల్ (రెండు నిలువు పుల్లల మధ్య గడి), మళ్లీ బయటివైపుకే. చప్పుడైతే మస్తు వచ్చింది, పక్క రూం వాళ్లు గ్యాస్ సిలిండర్ అనుకుని పరుగెత్తుకొచ్చారు. కోపంతో ఆ ముక్కల్ని చెత్తబుట్టలో వేద్దామనుకున్నాను. నయం, వేయలేదు. రాత్రి పదకొండింటికి ఆ ముక్కల్లోనే సంగతి దొరికింది. అందుకే ఈ పోస్టు ఇంత పొడుగు.

కొత్తగా చదివేవాళ్ల కోసం నిబంధనలు: రెండు బల్లల మధ్య ఎడం 60 సెం.మీ., బ్రిడ్జి బరువు 250 గ్రాములు దాటొద్దు, ఐస్ పుల్లలు, గమ్ తప్ప ఇంకేమీ వాడొద్దు. బరువు సరిగ్గా నడుమ వేలాడదీస్తారు (మేమైతే కొక్కేనికి డబ్బా తగిలించి అందులో ఇసుక పోస్తాం). మేం ముగ్గురం, సివిల్ మూడో ఏడు. పోటీ నవంబర్‌లో హైదరాబాద్‌లో. మా లక్ష్యం 75 కిలోలు.

మాది ప్రాట్ ట్రస్ (త్రికోణాలుగా కూర్చిన పుల్లల చట్రం, బ్రిడ్జికి ఇటొకటి అటొకటి). ఎనిమిది ప్యానెళ్లు, ఒక్కోటి 7.5 సెం.మీ., ఎత్తు 8. ఎత్తు 10 పెట్టొచ్చు కదా అని కిందటి పోస్టు కింద ఒకరు అడిగారు. పుల్ల పొడవు 11.4 సెం.మీ. అండి. 7.5కి 8 పెడితే డయాగొనల్ (ఏటవాలు పుల్ల) దాదాపు 11 వస్తుంది, ఒక్క పుల్లతో ఐపోతుంది. ఎత్తు పెంచితే డయాగొనల్‌కి అతుకు వేయాలి. అతుకంటేనే నాకు భయం. (ఆ భయం ఎక్కడ ఉండాలో అక్కడ లేకపోయింది. చెప్తాను.)

పనిచేసినవి ముందు ఒక్క ముక్కలో: బాటమ్ కార్డ్, అడ్డ దూలాలు, చివరి ఏటవాలు పోస్టులు ఐదు బ్రిడ్జిల్లో ఒక్కసారి కూడా మొరాయించలేదు.

ఇక టాప్ కార్డ్. లెక్క ఇలా ఉంది. నడుమ P కిలోలు వేలాడితే ఒక్కో ట్రస్ మీద సగం. దాని బెండింగ్ మూమెంట్‌ని (బరువు ట్రస్‌ని ఎంతగా వంచుతుందో చెప్పే అంకెని) 8 సెం.మీ. ఎత్తుతో భాగిస్తే నడిమి రెండు ప్యానెళ్లలో టాప్ కార్డ్ మీద 0.94 P నొక్కుడు పడుతుంది. 41.5 కిలోలకి దాదాపు 39 కిలోలు. కార్డ్ అంటే రెండు పుల్లలు ఒకదానిమీద ఒకటి అతికించింది: వెడల్పు 10 మి.మీ., మందం 4. పుల్ల గట్టిదనం మేమే కొలుచుకున్నాం. 90 మి.మీ. ఎడంలో ఒక్క పుల్లని అడ్డంగా పెట్టి నడుమ కిలో వేలాడదీస్తే 2.2 మి.మీ. దిగింది, అంటే E (చెక్క గట్టిదనాన్ని చెప్పే అంకె) సుమారు 10,000 మెగాపాస్కల్స్. ఆయిలర్ ఫార్ములాలో (సన్నటి కడ్డీ ఎంత నొక్కుడుకి పక్కకి ఒంగుతుందో చెప్పేది) వేస్తే 7.5 సెం.మీ. ప్యానెల్ 95 కిలోల దాకా ఒంగకూడదు. ప్రతి కీలు (నిలువు పుల్ల కార్డ్‌ని కలిసే చోటు) దగ్గరా పైన బ్రేసింగ్ (పక్కకి ఒరగకుండా అడ్డ కట్టు) ఉంది కాబట్టి 7.5 తీసుకోవడంలో తప్పేం లేదు. అంటే కాగితం మీద బ్రిడ్జి 100 కిలోలు మోయాలి. మోస్తున్నది 41.

రెండో బ్రిడ్జి 38కి పోయింది. అప్పుడు గమ్ తప్పనుకున్నాం. క్షణాల్లో పట్టేసే గమ్ వాడాం అందులో. అది అంటుకుంటుంది గానీ గాజులాగా పెళుసు, కుదుపుకి చిట్లుతుంది. మూడోదానికి మామూలు తెల్ల ఫెవికాల్, బైండర్ క్లిప్పులు, 24 గంటలు. నా మాట వినండి, చెక్కకి ఫెవికాల్‌ని మించింది లేదు, ఆగే ఓపికుంటే చాలు. అరల్డైట్ కూడా గట్టిదే గానీ బరువెక్కువ, రెండు ట్యూబులు కలిపేసరికి చేతులన్నీ ఖరాబు. సరే, మూడోది 41 మోసింది. పెరిగింది మూడు కిలోలు. గమ్ మీద నేరం నిలబడలేదు.

తర్వాత తేమ. వానల్లో కట్టాం కదా, 212 గ్రాముల బ్రిడ్జి రెండు రోజుల ముసురుకి 219 చూపించింది. నాలుగోదాన్ని రేకుల కింద ఎండబెట్టి, రాత్రంతా ఫ్యాన్ కింద పెట్టి విరగ్గొట్టాం. 39.5. పోనీ పుల్లలు బాగాలేవా? ప్రకాశం బజార్‌లో తెచ్చే యాభై పుల్లల ప్యాకెట్‌లో మందం 1.8 నుంచి 2.1 మి.మీ. దాకా తేడా ఉంటుంది. చూపుకి చిన్న తేడానే, కానీ ఒంగే గట్టిదనం మందం ఘనాన్ని బట్టి పోతుంది కాబట్టి 1.8 పుల్ల 2.1 దానికన్నా మూడో వంతుకు పైగా బలహీనం. ప్యాకెట్‌కి పన్నెండు పదమూడు పుల్లలు ఏరి పక్కన పడేసి ఐదోది కట్టాం. 41.5. ఏరివేత వల్ల మాకు మిగిలింది టీ కప్పుల్లో కలుపుకోవడానికి అరవై పుల్లలు.

కొక్కెం నడుమ లేదేమో అన్నది మా మక్తల్ దోస్తు అనుమానం. నాలుగోదాంట్లో నిజంగానే 4 మి.మీ. పక్కకి ఉంది. ఐదోదానికి అట్టముక్కతో గైడ్ చేసి సరిగ్గా నడుమ పెట్టాం. అయినా అదే కథ. అసలు ఈ అనుమానాన్ని అంతకుముందే కొట్టేయాల్సింది. ఎందుకంటే బ్రిడ్జి రెండు చివర్లకీ మేం పెన్నుతో పేర్లు రాస్తాం, ఒకటి 'నల్గొండ', ఇంకోటి 'సాగర్'. పాత నోట్సు తిరగేస్తే ఇది కనిపించింది: ఎడమ ట్రస్ విరిగిన రెండుసార్లు నల్గొండ నుంచి నాలుగో ప్యానెల్ పోయింది. కుడి ట్రస్ విరిగిన రెండుసార్లు సాగర్ నుంచి నాలుగోది. కొక్కెం ఒక చివరకి జరిగితే రెండు ట్రస్సుల్లోనూ ఒక పక్కే పోవాలి. ఇక్కడ ఎదురెదురుగా పోతున్నాయి.

దీని మీద గంటసేపు కొట్టుకున్నాం. చివరికి జవాబు డ్రాయింగ్ షీట్‌లోనే ఉంది. రెండు ట్రస్సులనీ ఒకే డ్రాయింగ్ మీద, ఒకే వరసలో అతికిస్తాం. నిలబెట్టేటప్పుడు లోపలి ముఖాలు ఎదురెదురుగా రావాలని రెండోదాన్ని గిర్రున తిప్పి పెడతాం. అంటే మొదటిదాని నల్గొండ చివర రెండోదానిలో సాగర్ చివర అవుతుంది. కాబట్టి తప్పు బరువు వేసే పద్ధతిలో లేదు, డ్రాయింగ్‌లో ఉంది. ప్రతి ట్రస్సులోనూ ఒకే చోట ఉంది.

ఇగ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో, సెకనుకి 240 ఫ్రేములు. విరగడానికి పదకొండు ఫ్రేముల ముందు కార్డ్ బయటి పొర మీద సన్నటి నల్ల గీత. పుల్లకీ పుల్లకీ మధ్య అతుకు తెరుచుకుంటోంది! పెద్దది చేసి చూస్తే దాని కింద లోపలి పుల్ల ఒక్కటే విల్లులా ఒంగి ఉంది, తర్వాతి ఫ్రేముల్లో అదీ పుటుక్కు.

విషయం ఇది. గుండ్రటి చివర్లు కోసేస్తే పుల్ల 10 సెం.మీ. వస్తుంది. టాప్ కార్డ్ 45 సెం.మీ. బయటి పొరలో అతుకులు 10, 20, 30, 40 దగ్గర. లోపలి పొర ఐదు సెంటీమీటర్లు జరిపి 5, 15, 25, 35 దగ్గర. ఇటుకల గోడలాగా అతుకు మీద అతుకు రాలేదని సంబరపడ్డాం. కానీ కీళ్లు ఉన్నది 7.5, 15, 22.5, 30, 37.5 దగ్గర. బయటి అతుకు 20 దగ్గర పడ్డది, అంటే అన్నిటికన్నా ఎక్కువ నొక్కుడు పడే ప్యానెల్ నడుమ. అక్కడ కార్డ్ మందం 4 కాదు, 2. మందం సగమైతే గట్టిదనం ఎనిమిదో వంతు. కార్డ్ మొత్తం 2 మి.మీ. అయితే ఆయిలర్ 12 కిలోలే ఇస్తాడు, మొత్తం 4 అయితే 95. మాది 39 దగ్గర పోతోంది, రెండిటికీ నడుమ. లెక్క తప్పలేదు, మేమే దానికి లేని పుల్లని చూపించాం.

మరి 25 దగ్గర లోపలి పొరకి కూడా అతుకుంది కదా, ఆ ఐదో ప్యానెల్ ఎందుకు పోదు? ఇక్కడే నాకు కిక్కు వచ్చింది. నిలువు పుల్లలు, డయాగొనల్స్ అన్నీ కార్డ్ లోపలి ముఖానికే అతికించాం, సులువని. కాబట్టి నొక్కుడు లోపలి ముఖం నుంచే కార్డ్‌లోకి వస్తుంది. లోపలి ముఖం ఎక్కువ కుదించుకుపోతుంది, కార్డ్ బయటికి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు లోపలి అతుకు మూసుకుంటుంది, చివర చివరని తన్నిపట్టుకుని బరువు మోస్తుంది. బయటి అతుకు నోరు తెరుస్తుంది. ఎప్పుడూ బయటికే ఎందుకు, ఎప్పుడూ నాలుగోదే ఎందుకు, రెండిటికీ ఇదే జవాబు.

ఐదోదానికి బరువు వేసేటప్పుడే దారం లాగి స్టీల్ స్కేల్‌తో ఉబ్బు కొలిచాం. బరువు లేనప్పుడే 1 మి.మీ. ఉంది (తడి గమ్ ఒక పక్కే పూస్తే పుల్ల వంకర పోతుంది, అది తెలిసిందే). 20 కిలోలకి 1.5, 30కి 2.5, 35కి 3.5, 39కి 5. ముప్పై దాకా నత్తనడక, తర్వాత పరుగు. ఆ అంకెలు నోట్సులో రాసుకుంటూనే ఇంకో మగ్గు ఇసుక పోశాను. మా మెకానిక్స్ సార్ క్లాసులో కెనడాలోని క్యూబెక్ బ్రిడ్జి గురించి చెప్పింది అప్పుడు గుర్తుకు రాలేదు. 1907 ఆగస్టు 29న కడుతుండగానే కూలి 75 మంది పోయారు. అక్కడా నొక్కుడు పడే దూలాలే ఒంగాయి. ఒంపు రోజురోజుకీ పెరుగుతోందని సైట్ మీద కొలిచారు కూడా. ఆ దూలం తెచ్చినప్పటి నుంచే వంకరగా ఉందని కొందరు వాదిస్తూ కూర్చున్నారు. మేమూ 1 మి.మీ. 'ముందునుంచే ఉందిలే' అనే అనుకున్నాం. మాది ఇసుక డబ్బా, కింద పాత పరుపు.

ఇంకో నేరస్థుడున్నాడు. అడకత్తెర. పుల్లలు కోయడానికి మా నాయనమ్మది తెచ్చుకున్నాను. "పోకలు కోస్కునేదాంతోని పుల్లలు కోస్తవా బిడ్డా, దాని పదును పోగొట్టకు" అంది. పదును పోలేదు గానీ దాని కోత నిట్టనిలువుగా రాదు. బ్లేడు ఒక పక్కే వాలుగా ఉంటుంది కాబట్టి చివర కూడా వాలుతుంది. రెండు ముక్కలు ఎదురెదురు పెట్టి లైటుకి చూస్తే పైన కలిసి కింద అర మిల్లీమీటరు సందు. ఆ సందులో ఫెవికాల్ నిండుతుంది, నిండిందని మనం అనుకుంటాం, ఎండాక అది కుంచించుకుపోతుంది. ఇకమీదట హాక్సా బ్లేడే, తర్వాత ఉప్పు కాగితం (సాండ్ పేపర్) మీద నిలువుగా రెండు రుద్దులు. ఆలస్యమే. నాయనమ్మ ఆస్తి మాత్రం క్షేమంగా నకిరేకల్‌కి తిరిగి వెళ్తుంది.

నిర్ధారణ కోసం రాత్రే పాత కార్డ్ ముక్కలు, కొత్తవి కలిపి 15 సెం.మీ. పొడవున కొన్ని చేసి, ఈరోజు సాయంత్రం బరువు చూసుకునే మెషిన్ మీద నిలబెట్టి చెక్కముక్కతో అరచేత్తో నొక్కాం. ఈ పొడవుకి లెక్క ప్రకారం 24 కిలోలు. నడుమ అతుకు లేనివి 21, 23, 22 దగ్గర ఒంగాయి. నడుమ అతుకు ఉండి ఆ పక్కకే ఉబ్బినవి 8, 11, 9. అదే అతుకుని తిప్పి లోపలి పక్కకి పెడితే 18, 19. అతుకు మీద 5 సెం.మీ. ముక్క కప్పి అతికించినవి 20, 22. ఒకటి మాత్రం 17కే పోయింది, గమ్ పూర్తిగా ఎండలేదు, ఆత్రం నాదే.

ఆరో బ్రిడ్జికి డిజైన్‌లో మార్పు ఒక్కటే: బయటి పొర ముక్కలన్నీ 7.5 సెం.మీ., అతుకులు కచ్చితంగా కీళ్ల మీదే, ప్రతి అతుకు మీదా 5 సెం.మీ. ముక్క కప్పుతాం. రెండు ట్రస్సులకీ కలిపి అలాంటి ముక్కలు పది, బరువు ఏడు గ్రాములైనా పెరగదు. లోపలి పొర జోలికి పోవట్లేదు. దోస్తుకి ఇది నచ్చలేదు. వెబ్ పుల్లల్ని (నిలువు పుల్లలు, డయాగొనల్స్) రెండు పొరల నడుమ ఇరికించి సాండ్‌విచ్‌లా చేద్దాం, ఉబ్బే సమస్యే ఉండదంటాడు. నిజమే, మధ్యలో పూర్తిగా నింపితే మందం 6 అవుతుంది, గట్టిదనం మూడు రెట్లకి పైనే. కానీ రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎలా తెలుస్తుంది? సాండ్‌విచ్ ఏడోదానికి. అప్పటిదాకా గొడవ ఆపమన్నాను.

మూడోవాడికి కేబుల్ పిచ్చి. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య కృష్ణ మీద కేబుల్ వంతెన అని వార్త వచ్చినప్పటి నుంచీ వాడి నోట్సు వెనక పేజీలన్నీ పైలాన్లే (కేబుళ్లు కట్టే ఎత్తు స్తంభాలు). దారం నిబంధనల్లో లేదురా అంటే వినడు. నాకైతే పోటీ అయ్యాక ఆర్చి చేయాలనుంది. మక్తల్ దాటి కృష్ణా దాకా వెళ్తే, రాయచూరు రోడ్డు మీద దేవసుగూరు దగ్గర నిజాం కాలం నాటి ఆర్చి వంతెన ఉంది. దసరా సెలవుల్లో దోస్తు వాళ్లింట్లో దిగి, టేపు, ఫోను పట్టుకుని వెళ్లి ఆర్చిల ఎడం, ఎత్తు కొలవాలని అనుకుంటున్నాం. పుల్లల్ని నీళ్లలో నానబెట్టి వంచితే ఎంత వంపు దాకా విరగకుండా వస్తాయో కూడా చూడాలి. నిన్న ఒకటి ఉడకబెట్టి సీసాకి చుట్టి రబ్బరు బ్యాండ్ వేశాను, ఇంకా విప్పలేదు.

ఆరోదాని మొదటి ట్రస్ ఇప్పుడు బీరువా మీద క్లిప్పుల మధ్య ఉంది. బయట ముసురు, కాబట్టి 24 కాదు, 36 గంటలు. గురువారం రెండోది. ఆదివారం ఇసుక. ఈసారి 35 కిలోల తర్వాత మగ్గుతో కాదు, టీ గ్లాసుతో పోస్తాను.