సర్పి

ఒంటి కాపలా ఒంటి మీదే తిరగబడే లూపస్ జబ్బు మూత్రపిండాల దాకా పాకిందని నాకు పోయినేడు స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రోజుకు 40 మిల్లీగ్రాములు, తోడుగా మైకోఫినోలేట్. రెండూ ఆ కాపలాను తగ్గించే మందులే. కాళ్ల వాపు దిగింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. "ఒళ్లు చేసినావే" అని అనంతపురం పాతూరులో అందరూ సంబరపడ్డారు.

ఆరో వారం ఒక పొద్దున ఉగ్గాని నోట్లో పెట్టుకుంటే మంట. ఇంక మిరపకాయ బజ్జీ సంగతి చెప్పనే అక్కర్లేదు. అద్దంలో చూస్తే నాలుక మీద పెరుగు తరకల్లా తెల్లగా ఉంది. గుడ్డతో తుడిస్తే కింద ఎర్రగా, కొంచెం రక్తం. క్యాండిడా అనే ఫంగస్ అట. చాలామంది నోళ్లలో ఊరికే ఉండేదే, ఒంట్లో కాపలా తగ్గితే పెరిగిపోతుంది. ఫ్లూకొనజోల్‌తో రెండు వారాల్లో పోయింది. ఇంతేకదా అనుకున్నా.

నెల తర్వాత కుడి పక్కటెముకల మీద వాత పెట్టినట్టు నొప్పి. వీధి చివర క్లినిక్‌లో కండరం పట్టిందని స్ప్రే రాసిచ్చారు. మూడో రోజు గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులు లేచాయి, వెన్ను దగ్గర గీత గీసినట్టు ఆగిపోయి. మా అత్త చూడగానే "సర్పి" అంది. అది పాములా ఒంటిని చుట్టి తల, తోక కలిస్తే మనిషి దక్కదని ఆమె భయం. ఎర్రమన్ను నానబెట్టింది. "ఆ మాత్రలే చేసినాయి, ఆపెయ్యి" అంది కూడా. సగం నిజమే.

మర్నాడు పెద్ద డాక్టరమ్మ దగ్గరికి పోయాం. చిన్నప్పుడు అమ్మవారు పోసిన వైరస్సే నరాల మొదట్లో ఇన్నేళ్లు దాక్కుందట. ఒక నరం వెంబడే వస్తుంది కాబట్టి మామూలుగా అవతలి పక్కకు పోదు. "నీకు భయం తల, తోక కలవడం కాదమ్మా, ఒళ్లంతా పాకడం" అంది. పొక్కులు లేచిన 72 గంటల్లో మందు పడితే మేలట. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి వాలాసైక్లోవిర్ 7 రోజులకు రాసింది. మైకోఫినోలేట్ కొన్నాళ్లు ఆపింది. స్టెరాయిడ్ మాత్రం ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికొస్తుందని మా అత్తకే గట్టిగా చెప్పింది.

మా తోడికోడలికి అయిదో నెల, ఎప్పుడూ అమ్మవారు పోయలేదు. పొక్కుల నీరు తగిలితే ఆమెకు అంటొచ్చని ధర్మవరం పుట్టింటికి పంపించాం. నేనే వెళ్లగొట్టినట్టు ఫోన్‌లో ఏడ్చింది.

పొక్కులు మాడిపోయినా మూడు నెలలు జాకెట్టు తగిలితే చాలు, నిప్పు. నరాల నొప్పికి రాత్రిపూట మాత్ర వేసుకుని, మెత్తటి పాత నైటీలతోనే గడిపా.

నానబెట్టిన ఎర్రమన్ను మా అత్త పండక్కి అరుగుకు పూసింది.